కల్లు పంపగలరు

కార్ఖానా, సికింద్రాబాద్
8–4–2024, సాయంత్రం

బావగారు ఐజాక్ మాస్టారికి జీవరాజు వందనాలు.

నా చేతిరాత చూసి నవ్వకండి. తప్పులుంటే మన్నించండి. నేను చదివింది మా వూరి బళ్ళో అయిదో తరగతి. అదీ కొఠార్లలో పని లేని వానాకాలం రోజుల్లో మాత్రమే. మీరు తెలుగు పంతులుగా చేసినవారు. మీకు రాయాలంటే ఒక్కో మాటా రెండుసార్లు చూసుకుంటున్నాను.

ఇక్కడ అందరం చేమం. మీరు, చెల్లెమ్మగారు చేమమని తలుస్తాను. మావాడు కాలేబు ఆఫీసుకి పోయివస్తున్నాడు. మనవరాలు క్యారల్‌కి పన్ను ఊడింది. ఫెయిత్‌కి ఆరో నెల. ఆరోగ్గెంగా ఉంది. రెండో కాన్పు గదా, పుట్టింటికి రాను, ఇక్కడే ఉంటానంది. నాకూ అదే బాగుంది. ఈ ఇంట్లో నాతో కూర్చుని మాట్లాడే మనిషి మీ అమ్మాయే. నేను ఒక మాట అంటే తను పది అంటుంది. లెక్క సరిపోతుంది.

అసలు సంగతికి వస్తాను. అడగడానికి మొహమాటంగా ఉంది. మీ బందరులో మంచి కల్లు దొరుకుతుందని అందరూ అంటారు. ఒక డబ్బా నిండా పంపగలరా? కొత్తది వద్దు, చేదుంటుంది. పాతదయితే మేలు. ఇక్కడ ఏ కొట్టుకి పోయినా ప్యాకెట్లదే. పొడి తగులుతుంది. నాకు పడదు.

అమ్మాయి ఈమధ్య ఆవకాయ ఆవకాయ అని కలవరిస్తోంది. మా ఇంటిది డోరా పెట్టిన ఆవకాయ మీరూ తిన్నారు. ఆమె పోయాక పోయినేడు నేనే పెట్టాను, ఆ ప్యాకెట్లదానితో. బూజు పట్టింది. అమ్మాయి మాత్రం పైన బూజు తీసేసి, బాగుంది మామయ్యా అని తిన్నది. అది నా మనసులో ముల్లులాగా ఉండిపోయింది. ఈసారి సరిగ్గా పెట్టి తినిపించాలని నా ఆశ.

ఇంట్లో ఉన్న కల్లు అడుగంటింది. అమ్మాయి సాయంత్రం మెట్లమీద కూర్చుని పచ్చిమామిడి ముక్కలతో లాగిస్తుంది. కాలేబుకి గొంతు పట్టేస్తే పొద్దునా సాయంత్రం కల్లే. నాకు కాళ్ళనొప్పులకి అదే మందు. మొన్న పాస్టరుగారు వచ్చి, చుట్టాలొచ్చారని ఒక గ్లాసుడు పట్టుకెళ్ళారు.

దీపం పెట్టాక రాస్తున్నాను. ఈ వేళప్పుడు అనకూడని మాట ఒకటుందని మా అమ్మ చెప్పేది. అందుకని పొట్టి చేసి రాశాను. మీకు తెలుస్తుందిలెండి.

ఇట్లు,
జీవరాజు


మచిలీపట్నం
13–4–2024

గౌరవనీయులైన జీవరాజు బావగారికి ఐజాక్ నమస్కరించి వ్రాయునది.

తమరి లేఖ అందింది. మన పిల్లల పెళ్ళయిన ఈ ఏడేళ్ళలో తమరు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇంత ఉండవు. 'ఆ', 'సరే', 'కూర్చోండి' తప్ప నేను వినలేదు. ఇప్పుడనిపిస్తోంది, అవే చాలుననీ, మిగతావి వినకపోయినా బాగుండుననీ.

ముందుగా తప్పులు. 'చేమం' కాదు, 'క్షేమం'. 'ఆరోగ్గెం' కాదు, 'ఆరోగ్యం'. ఇకముందు జాగ్రత్త పడగలరు. అయితే 'కల్లు' అన్న మాట మూడుచోట్ల వ్రాశారు. మూడుచోట్లా ఒక్క అక్షరం పొల్లుపోలేదు. బాగా అలవాటైన మాట గాబోలు!

బావగారూ, నేను మా పేట మద్యనిషేధ సంఘానికి పదకొండేళ్ళుగా కార్యదర్శిని. ఆ సంగతి తమరికి తెలుసు. పెళ్ళినాడు నా చేతి కరపత్రం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. అటువంటి నన్ను, డబ్బా నిండా కల్లు పంపమంటారా? అందులోనూ పాతదా? కొత్తదైతే చేదా? ఆ తేడా కూడా తెలిసేంత దూరం వెళ్ళారా? ప్యాకెట్ల సరుకు పుచ్చుకుని ఆవకాయ పెడితే బూజు పట్టక ఏం పడుతుంది?

అదలా ఉంచండి. ఆరో నెల గర్భిణి, మెట్లమీద కూర్చుని, నలుగురూ చూస్తుండగా, మామిడిముక్కలతోనా? చుట్టాలొచ్చారని పాస్టరుగారు గ్లాసుడా? ఆయన ప్రసంగాలు ఎందుకంత పొడుగుంటాయో ఇప్పుడు తెలిసింది.

దీపం పెట్టాక అనకూడని మాట అని తమరే ఒప్పుకున్నారు. పగలు కూడా అనకూడదు.

ఇది వేళాకోళమైతే వెంటనే వ్రాయండి, నవ్వుకుంటాను. ఫోనులో మాత్రం ఈ ప్రస్తావన వద్దు. అమ్మాయి కంగారుపడుతుంది. మా ఇంటావిడకు కూడా నేను చెప్పలేదు. కార్డు అసలే వద్దు, కవరులోనే వ్రాయండి. మా పోస్టుమాన్ నోవహు చేతికి కార్డు దొరికితే మా గుమ్మం చేరేలోపు నాలుగు అరుగుల మీద చదివి వినిపిస్తాడు.

ఆందోళనతో,
ఐజాక్


కార్ఖానా
18–4–2024, సాయంత్రం

బావగారికి వందనాలు. మీరు చెప్పినట్టు 'క్షేమం' అని పదిసార్లు రాసి నేర్చుకున్నాను. మేం క్షేమం.

మీ ఉత్తరం చూసి మొదట భయపడ్డాను. తర్వాత అర్థమయింది. మీకు నా బీపీ గురించి బెంగ. మీ సంఘం మద్యం వరకే అనుకున్నాను, కల్లు కూడా మాన్పిస్తారని తెలియదు. మంచి పనే. డాక్టరు కూడా ఇదే మాట అన్నాడు. కల్లు బాగా తగ్గించు తాతా, రోజు మొత్తానికి ఒక చెంచా దాటొద్దు అన్నాడు. నేను దాటడం లేదు. ఏదో, రసంలో పడాల్సింది పడాలి గదా. కల్లు లేని రసం రసమేనా మీరే చెప్పండి.

అమ్మాయి గురించి మీరు చెప్పింది నిజమే. కాళ్ళు కొంచెం నీరు పట్టాయి. తగ్గించమని నేనే చెప్పాను. కొద్దిగా అయితే ఏం కాదని డాక్టరమ్మ అన్నదట.

నేను నోట్లోకి వేసుకునేది తక్కువ. ఎక్కువ కాళ్ళకే. బకెట్లో వేడినీళ్ళు పోసి రెండు గుప్పిళ్ళు కల్లు వేసి కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాను. హాయిగా ఉంటుంది. మీకూ మోకాళ్ళనొప్పులు గదా, చెయ్యండి.

చేపలు కూడా కల్లు వేసి రుద్ది కడిగితేనే జిగురు పోతుంది. ఇది డోరా చెప్పింది. పెళ్ళయిన కొత్తలో నాతో ఆమె అన్న మొదటి మాట అదే.

కింద ఇంట్లో దర్జీ కలీముల్లా గారుంటారు. ఆయన భార్య మహమూదా గారు కూడా నిమ్మకాయ పచ్చడికి మా కల్లే అడిగి తీసుకుంటారు. బజారుది వాడరు.

బోయిన్‌పల్లి మార్కెట్టుకి ఆవకాయ కాయలు రావడం మొదలయింది. ఇంకో అయిదు వారాలు పోతే కాయ పండుబారుతుంది. కాయ పండుబారితే ఈ ఏటికి ఇక ఆవకాయ లేదు. అందుకే మళ్ళీ గుర్తుచేస్తున్నాను. ఏమీ అనుకోకండి.

ఉంటాను,
జీవరాజు


మచిలీపట్నం
24–4–2024

జీవరాజుగారికి,

'బావగారూ' అని వ్రాయబోయి కలం ఆగిపోయింది.

తమరి రెండో ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి బైబిలు పక్కన పెట్టుకుని చదివాను. కల్లు రసంలో పోస్తారా? కల్లుతో చేపలు కడుగుతారా? బకెట్లో పోసి కాళ్ళు పెట్టుకుంటారా? నన్ను కూడా పెట్టుకోమంటారా? గుప్పిళ్ళతో కొలిచారంటేనే ఆ సమయంలో తమరి స్థితి ఏమిటో తెలుస్తోంది. ద్రవపదార్థాన్ని గుప్పిళ్ళతో కొలిచే మనిషిని నా సంఘజీవితంలో చూడలేదు.

రోజుకో చెంచా కల్లు వ్రాసిచ్చిన ఆ డాక్టరు పేరు పంపండి. ముసల్మానుల ఇంటికి కూడా అలవాటు చేశారు! నిమ్మకాయ పచ్చడంటే మీరు నమ్మారా? నేను నమ్మను.

నిన్న క్యారల్ ఫోను చేసింది. "తాతా, జేజితాత నా నాలుక మీద కల్లు పెట్టాడు, మండింది, మళ్ళీ పెట్టమన్నా" అన్నది. జేజితాత అంటే తమరే గదా! పాలపళ్ళు ఇంకా అన్నీ ఊడని పిల్ల! నా చేతిలో ఫోను జారి మజ్జిగలో పడింది. ఇప్పుడు అది పనిచేయడం లేదు. కనుక ఎలాగూ మీతో ఫోనులో మాట్లాడలేను.

నా నిర్ణయం ఇది. మే నాలుగో తేదీ శనివారం ఉదయం వస్తున్నాను. ఫెయిత్‌నీ క్యారల్‌నీ బందరు తీసుకొస్తాను. కాన్పు ఇక్కడే. ఆ తర్వాత సంగతి తర్వాత. నేను వచ్చేదాకా అమ్మాయికి చెప్పవద్దు.

దీనితో మా సంఘం ప్రతిజ్ఞాపత్రం జతచేశాను. 'నేను ఇకమీదట కల్లు ముట్టను, ఇంటిలో ఉంచను' అన్నచోట సంతకం చేసి పంపండి. చేస్తారన్న ఆశ లేదు.

ఐజాక్


కార్ఖానా
28–4–2024, సాయంత్రం

బావగారికి,

కాగితం మీద సంతకం చేసి ఇందులోనే పెట్టాను. తప్పులుంటాయని నా పేరు మాత్రమే రాశాను.

నిన్నటినుంచి ముట్టలేదు. ఇంట్లో ఉన్నదంతా డబ్బాతో సహా కింద కలీముల్లా గారికి ఇచ్చేశాను. ఆయన, "ఏందీ తాతా, ఏమైంది? గిట్ల అంతా ఇచ్చేస్తున్నవేంది?" అని పరేషాన్ అయ్యారు. మా బావగారు వద్దన్నారు అని చెప్పాను. "మీ బావ డాక్టరా?" అన్నారు. మాస్టారు అన్నాను. "మాస్టరైతే పాఠం చెప్పుకోవాలె గాని మీ పళ్ళెంల ఏం పని?" అన్నారు. మీ గురించి ఒకరు అట్లా అంటే నాకు బాధే.

నాకు విడిగా చప్పిడి వండమన్నాను. అమ్మాయి ఎందుకని అడిగింది. మీ నాన్న చెప్పారన్నాను. అంతకన్నా చెప్పలేదు. మీరు చెప్పవద్దన్నారు గదా. తను నా ముఖం చూసి, అయితే నేనూ చప్పిడే తింటాను మామయ్యా అన్నది. వద్దన్నాను. వినదు. మీ అమ్మాయే.

బావగారూ, ఒక్కటే అడుగుతాను. జన్మలో కల్లు అడగను. ఆవకాయ కూడా లేకపోతే పోనీయండి. అమ్మాయిని తీసుకుపోకండి. తను ఉంటే ఇంట్లో మాట ఉంటుంది. తను లేకపోతే నేను, కాలేబు, ఫ్యాను. కాలేబు నాకన్నా తక్కువ మాట్లాడతాడు.

మీరు వస్తే ఎదురుగా నిలబడి ఇది చెప్పడం నావల్ల కాదు. అందుకని రాశాను.

జీవరాజు


మచిలీపట్నం
6–5–2024

పూజ్యులైన బావగారికి ఐజాక్ తల వంచి వ్రాయునది.

తమరి ఆఖరి ఉత్తరం నేను తిరిగొచ్చాకే చూశాను. శనివారం నేను వచ్చేసరికి తమరు ఇంట్లో లేరు. సాయంత్రం బండి వేళ దాకా ఉన్నాను. రాలేదు. క్యారల్ చెప్పింది, "జేజితాత నిన్ను చూసి భయమేసి బోయిన్‌పల్లి మార్కెట్లో దాక్కున్నాడు" అని. కనుక తమరు లేనప్పుడు జరిగిందంతా నేనే చెప్పుకోవాలి. చెప్పకపోతే మా ఇంటావిడ వ్రాస్తానంటోంది. ఆవిడ వ్రాస్తే ఇంకా ఎక్కువుంటుంది.

గుమ్మంలోనే అడిగాను: "అమ్మా, ఆ కల్లు ఎక్కడ?" ఫెయిత్ తాపీగా, "మామయ్యగారు కిందింటివాళ్ళకి ఇచ్చేశారు నాన్నా, నువ్వేగా తినొద్దన్నావ్" అన్నది. 'తినొద్దు' అన్న మాట నా చెవిన పడింది గాని బుర్రదాకా పోలేదు. చేతిలో సంచీతోనే కిందికి దిగాను.

కలీముల్లాగారు కుట్టుమిషను దగ్గర ఉన్నారు. "జీవరాజుగారిచ్చిన కల్లు బయటకు తీయండి" అన్నాను. ఆయన కత్తెర కిందపడేసి లేచారు.

"తౌబా తౌబా! మా ఇంట్ల కల్లేంది సాబ్? మీరెవరు, ఎక్సైజోల్లా?"

"నేను ఆయన వియ్యంకుణ్ణి."

"అచ్ఛా! గా పాఠాలు చెప్పే బావవు నువ్వేనా? పెద్దమనిషిని వారం నుంచి చప్పిడి కూడు తినిపిస్తున్నవ్. జెర సుత రహమ్, దయ లేదా?"

లోపలినుంచి మహమూదాగారు, "ఏందంట? ఏం కావాలెనంట?" అంటూ వచ్చారు. డబ్బా కావాలట అని ఆయన చెప్పారు. ఆవిడ తెచ్చి నా ముందు మూత తీశారు. "ఇగో, తాతిచ్చింది గీ దొడ్డుప్పే. తీస్కపోతావా? నా నిమ్మకాయలు కోసిపెట్టినయి మరి."

డబ్బాలో ఉప్పు, బావగారూ. రాళ్ళ ఉప్పు. సముద్రపుటుప్పు.

నేను దాన్ని వాసన చూశాను. అయినా నమ్మకం కుదరక ఒక రాయి నోట్లో వేసుకున్నాను. వెనక మెట్లమీద ఫెయిత్ నిలబడి అంతా వింటోంది. మొదట చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కూర్చుంది. తర్వాత పొట్ట పట్టుకుని ఎంత నవ్విందంటే నాకు నొప్పులొచ్చాయేమోనని భయం వేసి మంచినీళ్ళకు పరుగెత్తాను. "నాన్నా, మామయ్యగారిది ఉప్పు కొఠార్ల ఊరు. అక్కడ అంతా ఉప్పే గదా, మళ్ళీ ఉప్పు అనేదెందుకని కల్లుప్పుని ఒట్టి కల్లు అంటారు. పైగా దీపం పెట్టాక ఆయన ఉప్పు అన్న మాటే అనరు. నువ్వు ఆయన్ని పగటిపూట రాయమనాల్సింది!" అన్నది.

మా నాయనమ్మ కూడా సందెవేళ 'ఉప్పు' అనకుండా 'తెల్లది' అనేది. నేను ఆవిణ్ణి మూఢనమ్మకమని మందలించేవాణ్ణి. కల్లు అంటే రాయి అన్న అర్థం నిఘంటువులో ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు చెప్పిన నాకు ఆ అర్థం తట్టలేదు, సంఘం అర్థమే తట్టింది. తమరి ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. ఒక్క మాటా తప్పు లేదు. అన్నీ ఉప్పు గురించే. నేను దిద్దాల్సింది నా చదువును.

మధ్యాహ్నం అమ్మాయి అన్నం పెట్టింది. తమరి కోసం విడిగా వండిన పులుసు పక్కన ఉంటే అదే వడ్డించమన్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మింగలేకపోయాను. గోడకు వేసే సున్నం నయం. దీన్ని తమరు ఎనిమిది రోజులు తిన్నారు, అమ్మాయి ఆ ఇంట్లో ఉండాలని. నేను ఆ ముద్ద పట్టుబట్టి మింగాను. రెండో ముద్ద మాత్రం నావల్ల కాలేదు. కింది నుంచి మహమూదాగారు గిన్నెలో ఉప్పు పంపించారు.

ఫెయిత్ అక్కడే ఉంటుంది. కాన్పు అక్కడే. మా ఇంటావిడే నెల ముందు అక్కడికి వస్తుంది. డాక్టరుగారి పేరు పంపనక్కర్లేదు. పాస్టరుగారికి నా క్షమాపణలు చెప్పండి. ఎందుకని అడిగితే చెప్పకండి.

రేపే ఉప్పుమడుల దగ్గరకు వెళ్ళి రెండేళ్ళ నాటి ఉప్పు చూసి లారీలో పంపిస్తాను. చేదు ఉందో లేదో ఈసారి నేనే నాలుక మీద పెట్టుకుని చూస్తాను. ప్రతిజ్ఞాపత్రం చింపేశాను. సంఘంవాళ్ళకు మాత్రం ఈ కథ తెలియకూడదు. తెలిస్తే నేను వీధిలో తిరగలేను. కనుక మళ్ళీ మనవి చేస్తున్నాను, మా పోస్టుమాన్ నోవహు సంగతి తెలుసుగదా, దయచేసి కవరే వ్రాయండి.

సిగ్గుతో,
మీ బావ ఐజాక్


(పోస్టుకార్డు)

కార్ఖానా
18–5–2024, సాయంత్రం

బావా,

చేతిరాత ఇరుకుగా ఉంది, మన్నించు. కవర్లు అయిపోయాయి. రేపు ఆదివారం, పోస్టాఫీసు ఉండదు. క్యారల్ పుస్తకంలో ఈ కార్డు దొరికింది. నువ్వు కార్డు వద్దన్నావు గాని, ఇప్పుడు మన మధ్య దాపరికం ఏముంది.

నువ్వు పంపిన కల్లు అందింది. దీపం పెట్టే వేళకి వచ్చింది, అందుకే ఆ పేరే రాస్తున్నా. చాలా మంచి సరుకు. ఇంత పాతది డోరా పోయాక చూడలేదు. నువ్వే రుచి చూసి ఎంచావని అమ్మాయి చెప్పింది. మూత తీశామో లేదో తను మెట్లమీద మొదలుపెట్టింది. పాస్టరుగారికి ఒక గ్లాసుడు పంపాను. బకెట్లో వేసుకుని కాళ్ళు పెట్టుకున్నాను, ప్రాణం లేచొచ్చింది. ఆరోజు నువ్వు కింద కలీముల్లా గారింట్లో అడిగి నోట్లో వేసుకున్నదానికన్నా ఇదే బాగుంది.

ఆవకాయ సోమవారం. మొదటి జాడీ నీకు. మీ సంఘంవాళ్ళకి కూడా తలా కొంచెం ఈ కల్లు అలవాటు చెయ్యి, ప్యాకెట్లది మానేస్తారు.

ఇంకో డబ్బా పంపినా వద్దనను. తొందరగా జవాబు రాయి బావా, ఎదురుచూస్తుంటాను.

క్షేమం (సరిగ్గా రాశానా?)

జీవరాజు